చవితి టీషర్టుల ఫైలు పంపే ముందు

వినాయక చవితి నెల రోజుల్లోకి వచ్చిందంటే మా స్క్రీన్ ప్రింటింగ్ షాపులో ఫోను చెవి నుంచి దిగదు. అంబర్‌పేట కావచ్చు, ముషీరాబాద్ కావచ్చు, ఎల్బీనగర్ కావచ్చు, ఏ యువజన సంఘం వాళ్లయినా అడిగేది ఒకటే: "అన్నా, ఎల్లుండికి టీషర్టులు అయిపోతాయా?" డిజైను ఫైలు బాగుంటే అవుతాయి అంటాను. అందులో "అవుతాయి" ఒక్కటే వినబడుతుంది వాళ్లకు. ఇన్నేళ్లలో బట్ట మూలంగానో ఇంకు మూలంగానో చెడిపోయిన ఆర్డర్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఫైలు మూలంగా చెడిపోయినవాటికి లెక్కే లేదు.

మీ కంప్యూటర్లో అంత చక్కగా కనబడింది టీషర్టు మీదికి ఎందుకు రాదో ముందు తెలియాలి. స్క్రీను అంటే చట్రానికి బిగించిన పాలిస్టర్ జాలీ. దానికి ఎమల్షన్ అనే పూత పూసి, చీకట్లో ఆరబెట్టి, మీ డిజైను నల్లగా అచ్చయిన ఫిల్మును ఆనించి వెలుతురు పెడతాము. వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. నలుపు అడ్డం ఉన్న చోట మెత్తగానే ఉండి నీళ్లకు కొట్టుకుపోతుంది, ఇంకు దిగేది అక్కడి నుంచే. ప్రతి చోటా జాలీ తెరుచుకోవాలి లేదా మూసుకోవాలి. నీడలు, మెరుపులు, లేత బూడిద రంగులు దానికి పట్టవు.

పైగా చవితి వచ్చేది వానల్లో. 2025లో ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబర్ 14న. ముసురు పట్టిందంటే పూసిన ఎమల్షన్ ఓ పట్టాన ఆరదు. పచ్చి మీద వెలుతురు పెడితే, కడిగేటప్పుడు ఉండాల్సిన పొర కూడా ఊడి వస్తుంది. వేసవిలో పూటలో అయ్యే స్క్రీనుకు ఈ రోజుల్లో రోజంతా పట్టవచ్చు. కాబట్టి ఫైలులో తప్పు దొరికి స్క్రీను మళ్లీ చేయాల్సి వచ్చిందంటే మీకు ఒక రోజు పోయినట్టే. చవితికి పది రోజుల ముందు ఫైలు ఇవ్వమని నేను ప్రాధేయపడేది ఇందుకే.

అన్నిటికంటే పెద్ద గండం అక్షరాలతో. ఒక ఏడాది నా చేతుల మీదుగానే జరిగింది. నిమజ్జనం ఊరేగింపుకు 150 టీషర్టులు. వీపు మీద చిన్న అక్షరాల్లో కార్యక్రమ వివరాలు. "శోభాయాత్ర"లో "భా" కింద ఉండే చిన్న గీత ఫిల్ములో ఉంది, స్క్రీనులో తెరుచుకోలేదు. మొదటి టీషర్టును వెలుతురులో పెట్టి చదవకుండానే 150 అచ్చు లాగేశాను. అన్నిటి మీదా "శోబాయాత్ర". ఆర్డరు ఇచ్చినవాళ్ల వీధిలో తెలుగు మాస్టారు ఒకాయన ఉండేవారు. డబ్బు మాట ఎత్తలేదు. తన టీషర్టును నా బల్ల మీద పరిచి, ఎర్ర పెన్నుతో ఆ గీత పెట్టి, మడిచి తీసుకుపోయారు. అంతకంటే ఆయన నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఇంగ్లీషు అక్షరానికి కాస్త అంచు అరిగినా చదువుకోవచ్చు. మన లిపిలో అలా కుదరదు. ధ కింద గీత పోతే ద అవుతుంది. థ పొట్టలో చుక్క పూడితే ధ అవుతుంది. ష లోపలి గీత రాలిపోతే ప మిగులుతుంది. "రథం" అని రాసిన చోట ఏం మిగిలిందో ఒకసారి ఊహించుకోండి. అందుకే ఏ గీత మందమూ 1 పాయింటుకు, అంటే సుమారు 0.35 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. ముదురు రంగు పట్టీ మధ్యలో బట్ట రంగునే అక్షరాలుగా వదిలే డిజైను అయితే 2 పాయింట్లు ఉంచండి, ఎందుకంటే బట్ట మీద ఇంకు పక్కలకు పాకుతుంది. టీషర్టు మీద 18 పాయింట్లకంటే చిన్న తెలుగు అక్షరాలు నేనైతే వేయను. సంఘ సభ్యుల పేర్లన్నీ పట్టాలంటారు. సగం పేర్లు తీసేయండి, లేదా ఫ్లెక్సీ మీద వేయించుకోండి.

ఇక ఫాంట్లు. అను ఫాంట్లలాంటి పాతవాటిలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే "గణపతి బప్పా మోరియా" బదులు అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల వరుస ఒకటి కనబడుతుంది. మీ దగ్గరున్న ఫాంటు మా దగ్గర కూడా ఉంటుందనుకోకండి. అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చి పంపండి. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. ఒకసారి కర్వ్స్ అయ్యాక తప్పు దిద్దడానికి వీలుండదు కనుక, మార్చగలిగే ఫైలు ఒకటి మీ దగ్గర విడిగా దాచుకోండి. అన్నట్టు, కర్వ్స్ చేశాక అక్షరమూ ఒత్తూ ఒకదాని మీద ఒకటి పడిన చోట తెల్ల మచ్చ కనబడితే, ఎవరో వాటిని కంబైన్ చేశారని, అంటే ఒకే బొమ్మగా కట్టేశారని అర్థం. ముందు ఆ కట్టు విడగొట్టి, అక్షరాన్నీ ఒత్తునూ వెల్డ్ చేస్తే, అంటే అతికిస్తే మచ్చ పోతుంది. ఈ మచ్చ మానిటర్ మీద చిన్నగా ఉండి తప్పించుకుంటుంది, ఏ3 ఫిల్ము మీద మాత్రం వెక్కిరిస్తుంది.

మండలి, రామభద్ర, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లతో ఈ గుర్తుల గొడవ లేదు, వేరే గొడవ ఉంది. ఫోటోషాప్‌లో దక్షిణాసియా భాషల అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి "లక్ష్మి" ముక్కలు ముక్కలుగా పొల్లులతో వస్తుంది. డిజైను చేసిన కుర్రాడికి తెలుగు చదవడం రాకపోతే అది అలాగే నా దాకా వస్తుంది. కర్వ్స్ చేయడానికి ముందు ఆ డిజైనును తెలుగు బాగా వచ్చిన ఒక పెద్దమనిషి చేత కాగితం మీద చదివించండి. ఫోనులో చదివితే తప్పులు దొరకవు.

బొమ్మల విషయం. వినాయకుడి ఫోటోను నెట్‌లో దించుకుని, వాట్సాప్‌లో ముగ్గురి చేతులు మారాక నాకు పంపుతారు. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే కుదించదు. 12 అంగుళాల వెడల్పు బొమ్మ అంగుళానికి 300 చుక్కల చొప్పున రావాలంటే అడ్డంగా 3600 పిక్సెళ్లు ఉండాలి. 600 పిక్సెళ్ల బొమ్మను ఫోటోషాప్‌లో 3600కు సాగదీస్తే మసక పెద్దదవుతుంది, అంతే. వెనక వేసే దాతల లోగోలది మరీ అన్యాయం. చాయ్ గ్లాసు పక్కన విజిటింగ్ కార్డు పెట్టి, కొంచెం వంకరగా, ఫోనుతో ఫోటో తీసి పంపుతారు. దాత దగ్గర అసలు ఫైలు ఉందేమో అడగండి. లేకపోతే గీసి ఇవ్వగలం, కానీ అది వేరే పని, దానికి వేరే రోజు. నెట్‌లో దొరికిన ప్రతి బొమ్మా ఊరికే వాడుకునేది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఫోటోనే వేయాలంటే చుక్కలుగా విడగొట్టి హాఫ్‌టోన్ చేస్తాము. అంగుళానికి 45 వరుసల చుక్కలు వేస్తే, జాలీలో అంగుళానికి వాటికి నాలుగైదు రెట్లు, అంటే 180 నుంచి 225 దారాలు ఉండాలి. దట్టమైన తెలుపు దిగడానికి వాడే 110 దారాల జాలీ దీనికి పనికిరాదు. ఆ చుక్కలు మీరే పెట్టి పంపకండి. మా జాలీ ఏదో మాకే తెలుసు.

రంగుకు ఒక స్క్రీను. ఏడు రంగులంటే ఏడు స్క్రీన్లు, ఏడుసార్లు ఆరబెట్టడం, ముసురులో. రెండు రంగుల్లో మంచి డిజైను గీయలేనివాడు ఏడు రంగుల్లోనూ గీయలేడని నా అభిప్రాయం. ప్రతి రంగునూ వేరే లేయర్‌లో స్పాట్ రంగుగా, అంటే వేరే రంగులు కలపని విడి రంగుగా పెట్టండి. నలుపు అంటే నూటికి నూరు పాళ్ల ఒక్క నలుపే, నాలుగు రంగులు కలిపిన నలుపు కాదు. కాషాయం, నలుపు టీషర్టుల మీద రంగు నిలవాలంటే కింద తెలుపు పొర వేయాలి. ఆ తెలుపు పై రంగు అంచుల నుంచి కాస్త లోపలికి ఉండకపోతే అక్షరాల చుట్టూ సున్నం గీసినట్టు కనబడుతుంది. ఫోను తెర మీద చూసి "ఇదే కాషాయం" అనకండి. ఒక్కో ఫోనులో ఒక్కో కాషాయం. షాపుకు వచ్చి షేడ్ కార్డు మీద వేలు పెట్టి చూపించండి.

సైజులు కూడా ముందే చెప్పాలి. ఒకే స్క్రీనుతో పెద్దవాళ్ల అన్ని సైజులకూ వేస్తాము కాబట్టి డిజైను వెడల్పును చిన్న సైజుకు సరిపోయేలా చూసుకోండి. మండపం దగ్గర తిరిగే పిల్లల టీషర్టులకు వేరే స్క్రీను తప్పదు.

పంపేటప్పుడు కర్వ్స్ చేసిన ఫైలును పాత వెర్షన్‌లో సేవ్ చేయండి. కొత్త కోరల్‌లో సేవ్ చేసిన ఫైలును పాత కోరల్ తెరవలేదు. పక్కనే ఒక పీడీఎఫ్ పెడితే రెండూ పోల్చి చూసుకుంటాము. ఫైలు పేరులో తేదీ ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ లాస్ట్" మూడూ ఒకే రాత్రి వస్తే నేను ఏది వేయాలి? సరే అనే మనిషి ఒక్కరే ఉండాలి. సంఘం అధ్యక్షుడు ఒకటి, కోశాధికారి ఒకటి చెబితే ఇద్దరికీ నచ్చనిది తయారవుతుంది. అసలు బట్ట మీద తీసిన మొదటి నమూనాను ఆ ఒక్కరు వచ్చి, అక్షరం అక్షరం చదివి, సంతకం పెట్టాలి. ఆ మాస్టారి ఎర్ర గీత తర్వాత నమూనా మీద సంతకం లేకుండా రెండో టీషర్టు లాగడం మానేశాను.

మరొక్కటి. పని అయిన మర్నాడే డిజైను పోయేలా స్క్రీన్లు కడిగేస్తాము, ఆ సీజన్లో జాలీలు అంత కరువు. నిమజ్జనం నాటికి ఇంకో 50 కావాల్సి వస్తాయేమోనని అనుమానం ఉంటే మొదటి రోజే చెప్పండి. ఆ స్క్రీనును గోడకు ఆనించి, దాని మీద మీ వీధి పేరు రాసి ఉంచుతాను.