బెర్రీ స్పూన్ కొనేముందు బోర్లించి చూడండి

బెర్రీ స్పూన్ పేరుతో ఇంగ్లండ్‌లో అమ్మే పాత వెండి చెంచాల్లో చాలావాటివి రెండు పుట్టుకలు. జార్జియన్ కాలంలో, అంటే జార్జి రాజుల ఏలుబడిలో (1714–1830), సాదా టేబుల్ స్పూన్‌గా తయారైనదాన్ని విక్టోరియా కాలంలో మళ్లీ పనికి కూర్చోబెట్టారు. చెంచా గుంటలో పండ్లు, ఆకులు ఉబ్బెత్తుగా కొట్టి, కాడ మీద నగిషీ చెక్కి, గుంటకు బంగారు పూత వేశారు. అమ్మేవాళ్లు "1790 నాటి బెర్రీ స్పూన్" అంటే వెండి వరకే నిజం, పండ్లు తర్వాతివి. పాత సాదా చెంచా కోసం వెతికేవాళ్లు వీటిని చెడగొట్టినవి అంటారు. వాళ్ల మాటలోనూ న్యాయముంది, ధర కట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి.

వెండి నాణ్యత, తయారైన ఏడాది చెప్పే ముద్రలు (హాల్‌మార్కులు) కాడ వెనక ఉంటాయి. పది రెట్లు పెంచి చూపే భూతద్దం చాలు. సుమారు 1780కి ముందువాటిలో గుంటకు దగ్గరగా, తర్వాతివాటిలో కాడ చివరికి జరిగి కనిపిస్తాయి. నడిచే సింహం ఉంటే 92.5 శాతం వెండి. రాజు తల ఉంటే సుంకం కట్టినట్టు, అంటే 1784 డిసెంబరు తర్వాతిది. ఏడాదిని తెలిపే ఆనాటి లండన్ అక్షరాలు జె మినహా ఎ నుంచి యు వరకు ఇరవయ్యే, మళ్లీ మళ్లీ తిరిగొస్తాయి. అందుకే అక్షరం తీరు, చుట్టూ గడి ఆకారం కలిపి పట్టికతో పోల్చాలి. నగిషీ గీత ముద్రను కోసుకుంటూ పోతే, ఆ పని తర్వాత జరిగిందని అదే సాక్ష్యం. ఈపీఎన్ఎస్ అని ఉంటే అది వెండి పూతే, లోపల వెండి కాదు.

తర్వాత గుంట వెనక సెల్‌ఫోన్ టార్చ్ పెట్టండి. అన్నిటికంటే పైకి లేచిన స్ట్రాబెర్రీ కొన దగ్గర లోహం బాగా సాగి పల్చబడుతుంది, సూది బెజ్జాలు అక్కడే పడతాయి. అనుమానమున్న చోట నోటి ఆవిరి ఊదితే అతుకు గీత బయటపడుతుంది. బంగారం మరీ కొత్తగా, ఒకే రంగులో మెరిస్తే మళ్లీ పూత వేయించి ఉంటారు.

మఖమల్ పెట్టెలో నాలుగు చెంచాలు, ఒక చక్కెర జల్లెడ చెంచా కలిపి ఇస్తే ప్రతిదాని ముద్రా విడిగా చదవండి. వేర్వేరు ఏళ్లవి, వేర్వేరు పనివాళ్లవి ఏరి జత చేయడం మామూలే.

మన ఇళ్లలో వెండికి వాడే విభూతి, టూత్‌పేస్టు వీటికి పనికిరావు, పూత లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. పండ్ల సందుల్లో తడి ఆరాక విడివిడిగా చుట్టండి. రబ్బరు బ్యాండు వేస్తే నల్లటి చార పడుతుంది.