చేప కణ వర్ధనాల్లో వైరస్ పరీక్ష: సమస్య - పరిష్కారం

సమస్య: చేపల్లో వ్యాధి లక్షణాలు స్పష్టంగా ఉన్నా, ప్రయోగశాలలో పెంచిన చేప కణాలపై నమూనా వేస్తే, వైరస్ వల్ల దెబ్బతినాల్సిన ఆ కణాల పొర చెక్కుచెదరదు.

నమూనాలో వైరస్ లేదని తేల్చే ముందు సెల్ లైన్‌ను (ఒకే మూలం నుంచి తరతరాలుగా పెంచుతున్న కణాలను), ఉష్ణోగ్రతను అనుమానించాలి. కోయీ (అలంకార కార్ప్ చేప) హెర్పిస్ వైరస్‌కు కార్ప్ నుంచి తీసిన సీసీబీ, కేఎఫ్-1 కణాలు కావాలి. చేపల నాడీ కణజాలాన్ని దెబ్బతీసే బీటానోడా వైరస్‌లకు కొర్రమీను నుంచి వచ్చిన ఎస్ఎస్ఎన్-1 గానీ, దాని క్లోన్ (అందులోని ఒకే కణం నుంచి పెంచినది) అయిన ఇ-11 గానీ అనుకూలిస్తుంది. క్షీరదాల కణాలకు అలవాటైన 37 డిగ్రీలు ఇక్కడ పనికిరావు: వీహెచ్ఎస్ (వైరల్ హెమరేజిక్ సెప్టిసీమియా) వైరస్‌ను 15 డిగ్రీల సెల్సియస్ వద్ద, కార్ప్ స్ప్రింగ్ వైరీమియా వైరస్‌ను 20 డిగ్రీల వద్ద పెంచుతారు. ఇవి సరిగా ఉన్నా 7 నుంచి 10 రోజుల్లో మార్పు రాకపోతే, కణాలపై ఉన్న ద్రవాన్ని తాజా కణాలపై వేసి మరో విడత గమనించాలి. అదే బ్యాచ్ కణాలపై తెలిసిన వైరస్‌ను కూడా వేసి ఉంచడం తప్పనిసరి. ఆ ఫ్లాస్కు కూడా మారలేదంటే లోపం నమూనాది కాదు, కణాలదే. కోయీ హెర్పిస్ విషయంలో మాత్రం కణ వర్ధనం కంటే పీసీఆర్ (జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష) మీద ఆధారపడటమే మేలు.

సమస్య: నమూనా వేసిన మర్నాడే కణాలు ఊడిపోయాయి.

ఇది చాలావరకు చేప కణజాలంతో తయారుచేసిన నమూనా ద్రావణంలోని విషప్రభావమే, అయితే ఐపీఎన్ (ఇన్ఫెక్షియస్ పాంక్రియాటిక్ నెక్రోసిస్) వంటి వైరస్ అధిక మోతాదులో ఉన్నా త్వరగానే నాశనం కనిపిస్తుంది. ద్రావణాన్ని 1:100, 1:1000 నిష్పత్తుల్లో పలచన చేసి మళ్లీ వేయాలి. తర్వాతి పాసేజ్‌లలో (తాజా కణాలపైకి మార్చే విడతల్లో) విషం తరిగిపోతుంది, వైరస్ అయితే పెరుగుతూ పోతుంది.

సమస్య: మీడియం (కణాలకు పోషకాలిచ్చే ద్రవం) మసకబారి పసుపు రంగుకు తిరిగింది.

కారణం బ్యాక్టీరియా. యాంటీబయాటిక్స్ కలిపి, 0.45 మైక్రోమీటర్ల ఫిల్టర్‌తో వడకట్టాలి; వైరస్ కొంత ఫిల్టర్‌కే అంటుకుపోతుంది కనుక ముందుగా దాన్ని సీరం కలిపిన మీడియంతో తడపాలి. మైకోప్లాస్మా (అతి చిన్న బ్యాక్టీరియా) ఈ ఫిల్టర్‌ను దాటిపోతుంది, మీడియంను మసకబార్చదు కూడా, కాబట్టి దానికి విడిగా పీసీఆర్ చేయించి, కలుషితమైన కణాలను పారవేయాలి.

సమస్య: ఒకే నమూనాకు రెండు ప్రయోగశాలల్లో వేర్వేరు ఫలితాలు.

సెల్ లైన్ పేరును గుడ్డిగా నమ్మకూడదు. కార్ప్ కణాలుగా దశాబ్దాల పాటు చలామణి అయిన ఈపీసీ అనే సెల్ లైన్ నిజానికి ఫ్యాట్‌హెడ్ మిన్నో చేపదని 2010లో తేలింది. అందువల్ల భద్రపరచిన కణాల జాతిని డీఎన్ఏ బార్‌కోడింగ్‌తో (చిన్న డీఎన్ఏ భాగాన్ని పోల్చి జాతిని గుర్తించే పద్ధతితో) సరిచూసుకోవాలి. ఎస్ఎస్ఎన్-1 కణాల్లో సహజంగానే ఒక రెట్రోవైరస్ దాగి ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వైరస్ కణికలు కనబడినంత మాత్రాన అవి నమూనాలోవే అనుకోరాదు, నమూనా వేయని ఫ్లాస్కుతో పోల్చి చూసిన తర్వాతే నివేదిక రాయాలి.