వీఎంలు లెక్కపెట్టే ముందు కోర్లు లెక్కపెట్టండి

బాలానగర్‌లో ఓ ఫ్యాక్టరీ ఆఫీసుకి విండోస్ సర్వర్ లైసెన్సులు లెక్క కట్టాను. వాళ్ల ఒక్క సర్వర్‌లోనే ఐదు వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు (లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవి). ఓనరుగారు "ఐదు వీఎంలు, ఐదు లైసెన్సులు, అంతేగా?" అన్నారు. కాదండీ. 2016 వెర్షన్ నుంచి మామూలుగా లెక్క భౌతిక కోర్లది, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలది: ప్రాసెసర్‌కి కనీసం 8, సర్వర్‌కి కనీసం 16.

వాళ్ల మెషీన్‌లో 12 కోర్ల ప్రాసెసర్లు రెండు, అంటే 24. స్టాండర్డ్ ఎడిషన్ ఒకసారి మొత్తం కోర్లకీ కొంటే రెండు వీఎంలే. ఐదింటికి మూడుసార్లు కొనాలి: 72 కోర్లు. ఆ బేసి వీఎం తీసేయగలిగితే 48తో సరి! ఒకటి ఊరికే పడి ఉందేమో ముందు చూడండి.

ఫెయిలోవర్‌కి, అంటే మొదటి సర్వర్ ఆగిపోతే పని అందుకోడానికి, రెండో హోస్ట్ (వీఎంలు నడిపే సర్వర్) ఉందా? వీఎంలన్నీ దాని మీదికి వస్తాయి కాబట్టి మామూలుగా దాని కోర్లకీ అదే లెక్కన కొనాలి. ఇక్కడే చాలామంది బోల్తా కొడతారు. వీఎంలు పెరిగేలా ఉంటే డేటాసెంటర్ ఎడిషన్‌కీ కొటేషన్ అడగండి, అందులో వీఎంలకి పరిమితి లేదు. క్యాల్‌లు (సర్వర్‌ని వాడే మనుషులకో, పరికరాలకో కొనే లైసెన్సులు) ఎలాగూ వేరే.