కోస్తా ఇళ్లలో వానాకాలపు చెమ్మ: గోడదా, గాలిదా?

పట్టుచీరల మీద తెల్లటి బూజు, నీరుగారిన ఉప్పు డబ్బా, ఉబ్బి బిగుసుకున్న చెక్క తలుపు. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో వానలు పట్టాక ఇవి మామూలే. ఇంటి గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉంటే ఒంటికీ సామానుకూ మంచిది. రోజుల తరబడి 70 దాటిందా, బూజు పట్టినట్టే.

కొలవడానికి చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. చవక రకాల లెక్క తప్పుతుంటుంది కాబట్టి ముందు సరిచూసుకోండి. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు కలపండి. దాన్ని మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా మూసి 12 గంటలు కదపకండి. 75 చూపించాలి. 80 అంటే, ఇకపై ఎప్పుడు చూసినా 5 తగ్గించుకోండి.

గోడ మీద మరక ఉంటే అడుగున్నర పాలిథిన్ ముక్కను దానిపై పరిచి, నాలుగు అంచులా టేపు వేసి 2 రోజులు వదిలేయండి. గోడ వైపు బొట్లు కడితే తేమ గోడలోంచే వస్తోంది: పైపు లీకో, డాబా పగులో, పునాది నుంచి ఎగబాకే నీరో. అది ఆపకుండా వేసే పెయింటు దండగ. గది వైపు తడిస్తే తప్పు గాలిది.

అప్పుడు కిటికీలు తెరవమంటారు చాలామంది. వానరోజున అది బెడిసికొడుతుంది. మీటరును అరగంట బాల్కనీలో పెట్టండి. లోపలా బయటా వేడి ఇంచుమించు ఒకటే అయి, బయట శాతం ఎక్కువుంటే మూసే ఉంచండి. ఏసీ ఆపిన వెంటనే తెరిస్తే చల్లని గచ్చు మీద నీరు పేరుతుంది. వంటకీ స్నానానికీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, పని అయ్యాక కూడా 20 నిమిషాలు తిరగనివ్వండి. గదిలో బట్టలు ఆరేయకండి, ఆ నీళ్లన్నీ గాలిలోకే చేరతాయి.

ఏసీని డ్రై మోడ్‌లో నడపండి. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే గది గబుక్కున చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ లాగే వ్యవధే ఉండదు. చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా అనిపించేది అందుకే.

బీరువాను గోడకు 3, 4 అంగుళాలు ఎడంగా జరపండి. లోపల తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బా పెట్టి, నిండిన నీటిని బట్టల మీద ఒలకకుండా పారబోయండి. నాఫ్తలీన్ ఉండలు పురుగును ఆపుతాయి గానీ తేమను పీల్చవు. నీళ్ల కూలర్ జోలికి మాత్రం పోకండి. అది మే నెల తెలంగాణ పొడి ఎండలకు, అదీ కిటికీ తెరిచి పెట్టుకునేది.