వీఆర్ హెడ్‌సెట్ కొనేముందు మీ గదిని ఒకసారి చూడండి

నల్లగొండలో గడియారం దగ్గర మా నాయినకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మీది అంతస్తులో ఒక గది గోదాము, పక్క గదిలో నేను వీఆర్ గేములు నడుపుతాను, అంటే కళ్లకు హెడ్‌సెట్ కట్టుకుని బొమ్మల లోకంలో తిరుగుతూ ఆడేవి. వారానికి ఒకరన్నా అడుగుతారు: "అన్నా, ఏ హెడ్‌సెట్ తీసుకోవాలె? ఏది మంచిగ ట్రాక్ చేస్తది?" నేను ఎదురు అడిగేది ఒకటే. "ఏ గదిల పెడ్తవు? గోడలు ఎట్లున్నయి?"

హెడ్‌సెట్‌కు తెలియాల్సినవి రెండు: తల ఎటు తిరిగింది, మనిషి ఎక్కడికి జరిగాడు. మొదటిదానికి లోపలి జైరోస్కోపు, అంటే తిరుగుడును కొలిచే సెన్సరు, దాదాపు సరిపోతుంది. 2014లో వచ్చిన గూగుల్ కార్డ్‌బోర్డ్ అట్టపెట్టెలో ఫోను పెట్టుకున్నా, తల తిప్పితే బొమ్మ తిరిగేది. కానీ ఒక అడుగు ముందుకేస్తే లోకమంతా మనతోపాటే జరిగేది. కడుపులో తిప్పేది అందుకే.

రెండోది కష్టం. యాక్సెలరోమీటరు చూపేది వేగంలో మార్పును మాత్రమే. దాన్నుంచి వేగం, వేగం నుంచి దూరం లెక్కగట్టాలి. ఆ కొలతలో సెకనుకు సెకనుకు ఒక్క సెంటీమీటరు తప్పు నిలిచిపోయినా, పది సెకన్లలో మనం అరమీటరు పక్కకు పోయినట్టు లెక్క తేలుతుంది. కరెంటు పోయినప్పుడు అడుగులు లెక్కపెట్టుకుంటూ చీకట్లో వంటింట్లోకి పోయినట్టే ఇది. మొదటి నాలుగడుగులు బాగానే ఉంటాయి, తర్వాత మోకాలు బీరువాకు కొట్టుకుంటుంది. ఆ తప్పును దిద్దడానికి బయటి గుర్తు కావాలి. దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటుందన్నదాంట్లోనే పద్ధతుల తేడా అంతా.

నా దగ్గర మొదట ఉన్నది వైవ్ అనే పాత హెడ్‌సెట్, 2016 నాటిది. దీనికి గదిలో ఎదురెదురు మూలల్లో రెండు డబ్బాలు బిగించాలి. బేస్ స్టేషన్లంటారు. అంబులెన్సు మీద లైటు తిరిగినట్టు, ఒక్కో డబ్బాలో రెండు చక్రాలు సెకనుకు 60 సార్లు తిరుగుతూ కంటికి కనబడని లేజర్ గీతలతో గదిని ఊడుస్తాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఊడ్చేముందు ఒక మెరుపు మెరుస్తుంది. మెరుపు వచ్చాక గీత తనను తాకడానికి ఎంతసేపు పట్టిందో హెడ్‌సెట్ మీది చిన్న సెన్సర్లు కొలుచుకుంటాయి. ఒక డిగ్రీ తేడాకు దాదాపు 46 మైక్రోసెకన్లు. లెక్కంతా హెడ్‌సెట్, కంప్యూటరు చూసుకుంటాయి. గోడమీది డబ్బాకు మీరు ఉన్నారో లేదో కూడా తెలియదు.

చీకట్లో కూడా పనిచేస్తుంది, చెయ్యి వీపు వెనక పెట్టినా వెనక మూలనున్న డబ్బా పట్టుకుంటుంది. నా మటుకు కదలికలో దీనంత నిలకడ దేనికీ లేదు. కానీ మెరిసే వస్తువులంటే పడదు. గోదాము నుంచి మిగిలిన పది కొత్త బిందెలు ఒకసారి నా గది మూలన పేర్చారు. ఆరోజు వచ్చిన పిల్లగాడు ఆట మధ్యలో "అన్నా, నా చెయ్యి యాడికో పోయింది" అని అరిచాడు. లేజర్ బిందెల మీద పడి వెనక్కి కొట్టి, సెన్సర్లకు రెండు దారుల నుంచి తగులుతోంది. దుప్పటి కప్పితే సర్దుకుంది. బీరువా అద్దానిది కూడా ఇదే గొడవ.

ఇంకోటి, డబ్బా కదలకూడదు. నేను మొదట ఒకదాన్ని ఇనుప ర్యాకు మీద పెట్టాను. రాత్రి నాయిన కింద షట్టరు దించగానే మీద లోకం మొత్తం వణికేది. గోడకు డ్రిల్లు వేసి, తలకంటే ఎత్తున, రెండు మీటర్లు దాటాక, 30 నుంచి 45 డిగ్రీలు కిందికి వంచి బిగించాక ఆ బాధ పోయింది.

రెండో పద్ధతిలో డబ్బాలుండవు. హెడ్‌సెట్‌కే కెమెరాలుంటాయి. 2019లో వచ్చిన క్వెస్ట్ అనే హెడ్‌సెట్‌కు నాలుగు. అవి గదిలో మూలలు, గడియారం అంచు, కిటికీ చువ్వ లాంటి గుర్తులు ఏరుకుని, అవి ఎలా జరుగుతున్నాయో చూసి మనం ఎక్కడున్నామో తేల్చుకుంటాయి. బత్తాయి తోటలో మధ్యన నిలబడితే ఏ వరుసలో ఉన్నామో తెలుస్తుందా? ఎటు చూసినా ఒకే చెట్టు. కొత్తగా సున్నం వేసిన ఖాళీ గోడ ఈ కెమెరాలకు అలాగే ఉంటుంది. నేను గోడకు నాలుగు పాత క్యాలెండర్లు, రెండు పోస్టర్లు అంటించాను. ఖర్చు లేని మందు.

వెలుతురు సంగతి కూడా చూసుకోవాలి. కరెంటు పోతే హెడ్‌సెట్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, కానీ గది చీకటైతే దారి తప్పుతుంది. బేస్ స్టేషన్లది సరిగ్గా ఉల్టా: చీకటంటే లెక్కలేదు, కానీ వాటికే కరెంటు కావాలి. మా ఇన్వర్టర్‌కు ముందు ట్యూబులైటు కలపాలా, డబ్బాలు కలపాలా అన్నది ఏ హెడ్‌సెట్ నడుపుతున్నానన్నదాన్ని బట్టి ఉంటుంది. క్వెస్ట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాన్నే పెట్టండి. ఎండ నేరుగా పడే గదయితే పరదా వేయండి. లెన్సులు ఎండవైపు పెట్టి వదిలేస్తే భూతద్దంలా లోపలి తెరను కాల్చేస్తాయి.

చేతిలోని కంట్రోలర్ల మీద ఇన్ఫ్రారెడ్ లైట్లుంటాయి, కెమెరాలు వాటినే వెతుకుతాయి. అందుకే చెర్వుగట్టు జాతరలో టెంటు వేసినప్పుడు సీరియల్ బల్బులు నన్ను ఏడిపించాయి. మిణుకుమనే ప్రతి బల్బూ దానికి చెయ్యిలాగే కనబడింది. దండలు తీయించి, కుర్చీలో కూర్చుని చూసే రోలర్ కోస్టరే నడిపించాను. తల తిప్పడమే పని కాబట్టి చేతులు ఎటు పోయినా ఎవరికీ పట్టలేదు.

2016 నాటి రిఫ్ట్‌లా బయట కెమెరాలు పెట్టి హెడ్‌సెట్ లైట్లను చూసే పద్ధతీ ఉంది, కంప్యూటరుకు యూఎస్‌బీ తీగలు గదంతా పరవాలి. అయస్కాంత క్షేత్రంతో పట్టేవీ ఉన్నాయి. ఇనుము, స్టీలు దగ్గరుంటే లెక్క తప్పుతాయి, కాబట్టి మా ఇంట్లో వాటి ఊసే వద్దు.

పోల్చి చూడాలనుకుంటే స్పెసిఫికేషన్లు పక్కనపెట్టి ఇలా చేయండి. నేలమీద చాక్‌పీసుతో ప్లస్ గుర్తు గీయండి. ఓపెన్ బ్రష్ లాంటి బొమ్మలు గీసే యాప్ తెరిచి, కంట్రోలరు కొనను గుర్తు మీద ఆనించి చుక్క పెట్టండి. గదంతా రెండు చుట్లు తిరిగి, వంగి, లేచి, మళ్లీ అదే గుర్తు మీద, అదే తీరుగా ఆనించి రెండో చుక్క పెట్టండి. రెండు చుక్కలు ఎంత దూరంలో పడ్డాయన్నదే జవాబు. మా గదిలో వైవ్‌కు గోటి మందం కూడా రాలేదు. క్వెస్ట్‌కు క్యాలెండర్లు లేనప్పుడు రెండు వేళ్ల వెడల్పు వచ్చింది, అంటించాక వేలులో సగం. తర్వాత చెయ్యి వీపు వెనక పెట్టి పది లెక్కపెట్టి ముందుకు తెండి. బొమ్మ చెయ్యి వెంటనే దొరికిందా, ఎగిరి దూకిందా చూడండి. ఇదే పరీక్ష పగలొకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చేయాలి.

ఇల్లు మారుతుండేవాళ్లకు, అద్దె గోడకు మేకు కొట్టలేనివాళ్లకు నేను కెమెరాలదే చెబుతాను. ఒకేచోట రోజంతా నడిపేవాళ్లకు బేస్ స్టేషన్లు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే మాత్రం డబ్బా ముందుభాగం చూడండి. చదునుగా ఉంటే పాత రకం, 1.0 అంటారు; వంపు తిరిగి ఉంటే కొత్త రకం, 2.0. రెంటినీ కలిపి వాడలేం, పాత వైవ్ అయితే 1.0నే గుర్తిస్తుంది. ఒక డబ్బా పాడైనప్పుడు హైదరాబాద్‌లో ఒకతను నాకు 2.0 అంటగట్టాడు, తిరిగి తీసుకోనన్నాడు. అది ఇప్పుడు నాయిన గల్లాపెట్టె పక్కన, ఫ్యాన్ గాలికి బిల్లులు ఎగిరిపోకుండా బరువుకు ఉంది.