మందను గుర్తుపట్టడం – 3వ పాఠం: రంగు పేర్లు

పోయిన పాఠంలో పళ్లు చూసి వయసు చెప్పడం నేర్చుకున్నాం. గొర్రె చేతికి చిక్కితేనే ఆ విద్య పనికొస్తుంది. దూరాన, దుమ్ములో, కదులుతున్న మందలో ఒక గొర్రెను పట్టి చెప్పాలంటే రంగు పేరు కావాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో సాయంత్రం మంద దొడ్డికి మళ్లేటప్పుడు ‘ఒకటి తక్కువైంది’ అంటే వెతకబోయేవాడికి ఏమీ తెలియదు. ‘బొల్లిది రాలేదు’ అంటే సగం పని అయినట్టే.

ముందు మాటలు చూద్దాం. కర్రి అంటే నలుపు. పుల్ల అంటే ఎరుపు కలిసిన లేత గోధుమ వన్నె. మైల అంటే బూడిద వన్నె. ముఖం మీద తెల్లమచ్చ పరుచుకుంటే బొల్లి, నుదుట బొట్టంత తెలుపే ఉంటే చుక్క. ఊరు మారితే ఒకటి రెండు మాటలు మారతాయి. మీరు ఏ కాపరి వెంట తిరుగుతున్నారో ఆయన మాటే మీ మాట. ఈ పాఠంతో ఆయనను దిద్దబోకండి.

మాటలు ఒక్క పూటలో వస్తాయి. ఏ గొర్రెకు ఏ మాట తగిలించాలన్నదే అసలు విద్య. మందలో ఎక్కువగా ఉన్న రంగు పేరుగా పనికిరాదు. ఊళ్లో నలుగురు యాదయ్యలుంటే ఒకరు బక్క యాదయ్య, ఇంకొకరు మిల్లు యాదయ్య అవుతారు కదా, ఇదీ అంతే. నల్ల మందలో ‘కర్రిది’ అంటే ఏ గొర్రెనూ పిలవనట్టే. అక్కడ బొల్లిగా పేరుపడిన గొర్రెను అమ్మి తెల్ల మందలో కలిపితే మొదటి రోజే అది కర్రిదవుతుంది. దాని ముఖం మీది మచ్చను ఇక ఎవరూ పట్టించుకోరు. బోడి అన్న మాటకూ ఇదే లెక్క. మన దగ్గరి ఆడ గొర్రెలకు కొమ్ములుండటం అరుదు కాబట్టి ఆ పేరు పొట్టేళ్లకే నప్పుతుంది.

ఇక దక్కని గొర్రె. గొంగడికి ఉన్ని ఇచ్చేది ఇదే. దీని నలుపును నమ్మితే మోసపోతారు. ఉన్ని కొసలు ఎండకు వెలిసి గోధుమ వన్నెకు తిరుగుతాయి. దూరం నుంచి చూస్తే పుల్లదే అనిపిస్తుంది. వీపు మీద ఉన్నిని రెండు చేతులతో పాయ తీసి చూడండి: పైన తుప్పు వన్నె, చర్మం దగ్గర కారునలుపు. కత్తిరించిన మర్నాడు అదే గొర్రె నిగనిగలాడుతూ కొత్తదానిలా నిలబడుతుంది. కురుమలు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. పేరును ఒంటి మీద పెడితే ఏడాదికి రెండుసార్లు పేరు మార్చుకోవాలి. అందుకే ముఖం, చెవులు, కాళ్లు చూడాలి. అక్కడ ఉన్ని పెరగదు, కత్తెర పడదు. బొల్లి, చుక్క అన్న పేర్లు ముఖానికి సంబంధించినవి కావడంలో ఇంత సౌకర్యం ఉంది.

నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, వెంట్రుకే. ఇందులో మూడు రకాలు: తెల్లగా ఉండేది పల్ల, ఎర్రటిది దోర, తెల్లటి ఒంటి మీద పెదవులకు, కళ్ల చుట్టూ, కింది దవడకు నల్లమచ్చలున్నది జోడిపి. ఇవి రకాల పేర్లు, ఒక్కో గొర్రె పేర్లు కావు. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం రాయితీతో ఇచ్చారు. జీవాలను ఎక్కువగా బయటి రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చారు. ఒకే పోలికవి ఒక్కసారిగా ఇంటికొస్తే ఏది ఏదో తేల్చుకోవడం ఎవరికైనా కష్టమే. చెవికి బిళ్ల వేస్తారు గానీ, ఆ అంకె చదవాలంటే మళ్లీ గొర్రెను పట్టుకోవాల్సిందే. నా దృష్టిలో బిళ్ల బీమాకు, పేరు కాపరికి.

జోడిపి మందలో కంటితో మొదలుపెట్టండి. మచ్చ కంటి చుట్టూ పూర్తిగా తిరిగిందా, కింది రెప్ప దగ్గరే ఆగిందా? రెండు కళ్లకూ ఒకేలా ఉందా? తర్వాత పెదవి, ఆ తర్వాత కాళ్లు. ‘ఎడమ కన్ను నలుపుది’, ‘ముందరి కాలు మచ్చది’ వంటి పొడుగు పేర్లు మొదట్లో తప్పవు. వాడగా వాడగా అవే పొట్టివవుతాయి. కృష్ణ అవతలి మాచర్ల గొర్రె ఒంటి మీదైతే పెద్ద పెద్ద నల్ల, గోధుమ మచ్చలుంటాయి. దానికి ఇంత శ్రమ అక్కర్లేదు, పక్క నుంచి ఒకసారి చూస్తే చాలు.

ఈ వారం అభ్యాసం: మీకు తెలిసిన మందలో పది గొర్రెలను ఎంచుకుని, ఒక్కోదానికి ముఖం చూసి పేరు పెట్టి రాసుకోండి. మర్నాడు కాగితం జేబులోనే ఉంచి, దొడ్డి తడిక పక్కన నిలబడి, లోపలికి వస్తున్నవాటిని పేరుతో చెప్పండి. తడబడిన చోట తప్పు మీ కంటిది కాదు, పేరుది. ఆ పేరు తీసేసి వేరే గుర్తు వెతకండి. తర్వాత కాపరిని అడిగి, ఆయన అదే గొర్రెను ఏమంటారో పక్కన రాయండి. తల్లినీ పిల్లనూ జత కలపడం 4వ పాఠంలో. దానికి ఈ పది పేర్లూ నోటికి రావాలి.