చవక గిటార్ శ్రుతి తప్పుతుంటే పెన్సిల్‌తో సరిచేశాను

తొమ్మిది వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ నాలుగు బెండ్లు (తీగను వేలితో పక్కకు లాగి స్వరం పెంచడం) వాయిస్తే చాలు, మూడో తీగ శ్రుతి దిగిపోయేది. ఆ జి స్వరం 196 హెర్ట్జ్ దగ్గర ఉండాలి; ట్యూనర్ యాప్‌లో ముల్లు ఎప్పుడూ కిందే. తీగలు బిగించే ట్యూనింగ్ కీలు చవకవి కదా, అవే జారుతున్నాయనుకుని కొత్త సెట్ ఆర్డర్ పెట్టబోయాను.

ఒకరోజు శ్రుతి చేస్తుంటే నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర ‘టింగ్’మని చిన్న చప్పుడు, వెంటనే ముల్లు పైకి ఒక్క గెంతు. దొంగ దొరికాడు! నట్ గాడిలో తీగ ఇరుక్కుంటోంది. బెండ్ చేసినప్పుడు ఇవతలికి జరిగిన తీగ మళ్లీ వెనక్కి వెళ్లట్లేదు.

తీగ వదులు చేసి పక్కకు తీశాను. అదే మందం ఉన్న పాత తీగ ముక్కతో గాడిని మెల్లగా నాలుగుసార్లు రుద్దాను. ఎక్కువ అరగదీస్తే తీగ ఫ్రెట్‌కి (మెడ మీది లోహపు కమ్మీకి) తగిలి జరజరమంటుంది, అప్పుడు నట్టే మార్చాలి. తర్వాత తీగ ఇరుక్కోకుండా జారాలని మా వాడి 2బి పెన్సిల్ మొన గాడిలో నల్లగా పూశాను. కీ మీద ఆరేడు చుట్లున్న పాత తీగ తీసేసి, కొత్తది మూడు చుట్లతో బిగించాను.

ఇప్పుడు గంటసేపు వాయించినా ముల్లు పెద్దగా కదలట్లేదు. పెన్సిల్ మాత్రం వాడికి తిరిగివ్వలేదు, గిటార్ సంచిలోనే ఉంది.